వ్రాఁతకుఁ గొలత, చదువునకుఁ గాలము

భద్రాచలము చుట్టుపట్ల నడవిసంతలకుఁ బోయినవారికిఁ గొలతల సంగతి వేఱుగా నేర్పనక్కఱలేదు. చింతపండును తూఁచి యిత్తురు. గుడ్డను మీటరు పెట్టి కొలుతురు. వెదుళ్లను ఎంచి కట్టలు కట్టుదురు. ఎండకాలమునఁ దునికాకును కోసి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పునఁ గట్టి, కల్లములోఁ బేర్చి, కట్టల లెక్కను బట్టి కూలి పుచ్చుకొందురు. ఇన్నింటికిని కొలతలున్నవి గదా, మఱి వ్రాఁతకుఁ గొలత యేది? ఈ పాఠము పెద్దదనియు, ఆ వ్యాసము చిన్నదనియు మనము దినమును అనుచుందుము. ఎంత పెద్దది? చదువుటకు ఎంతసేపు పట్టును? ఈ రెండు ప్రశ్నలకు సరియైన యుత్తరము చెప్పఁగల విద్యార్థులు కొలఁదిమంది మాత్రమే యుందురు. ఉపాధ్యాయులలో సైతము తెలియనివారు గలరు. మొన్నమొన్నటి వఱకు నేనును వారిలో నొకఁడను.

తెలియమి వలన నేను జేసిన యొక తప్పును మొదటఁ జెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన యొక పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లలకుఁ జదువు పరీక్ష పెట్టితిని. ఒక్కొక్కరిని పిలిచి, ఆంగ్లవాచకమును ఒక నిమిషమును, తెలుఁగువాచకమును ఒక నిమిషమును పైకిఁ జదివించి, చదివిన మాటలను లెక్కించి వ్రాసికొంటిని. గోదావరికి ఆవలి కోయపల్లె నుండి వచ్చి వసతిగృహములో నుండి చదువుకొను బాలుఁ డొకఁడు ఆంగ్లమును నిమిషమునకు 75 మాటలు, తెలుఁగును 50 మాటలు చదివెను. నేను ఆ రెండు సంఖ్యలను చూచి, "ఆంగ్లము మీఁద నున్న శ్రద్ధ నీకుఁ దెలుఁగు మీఁద లేదు" అని తరగతి యెదుట మందలించితిని. ఆ బాలుఁడు మాఱుమాట చెప్పక తల వంచుకొని కూర్చుండెను. ఇంటిలోఁ గోయభాష మాటలాడి, బడికి వచ్చి తెలుఁగు నేర్చి, అటుపిమ్మట ఆంగ్లము నేర్చిన పిల్లవాఁడతఁడు. అతని యందుఁ దప్పేమియు లేదు. తప్పు నా కొలతలో నుండెను. ఆ తప్పెట్టిదో, సరియైన కొలత యేదో తెలిసికొనుటయే యీ పాఠము.

పుట

సాధారణముగా మనము వ్రాఁతను పుటలతోఁ గొలుతుము. "పది పుటల వ్యాసము" అందుము. కాని పుట యనునది కాగితమునకుఁ గొలత గాని వ్రాఁతకుఁ గొలత గాదు. ఒకే కథను పెద్ద యక్షరములతో నచ్చు వేసినచో నలువది పుటలగును. చిన్న యక్షరములతో వేసినచో ఇరువదింటనే ముగియును. పరీక్షలో ఒక విద్యార్థి పంక్తికి నాలుగు మాటలు చొప్పున వ్రాసి యెనిమిది పుటలు నింపును. వేఱొకఁడు అంత సమాధానమునే మూఁడు పుటలలో నిముడ్చును. పుటలను లెక్కించి మెచ్చుకొనువాఁడు కాగితమును మెచ్చుకొన్నవాఁడే యగును.

అధ్యాయము

గ్రంథములలోని యధ్యాయములును సరియైన కొలత గావు. బైబిలును ఒక యేఁడాదిలోఁ జదివి ముగింపఁ గోరువారికిఁ బెద్దలు చెప్పు లెక్క యొకటి యున్నది. ప్రొటెస్టంటుల బైబిలులో 1,189 అధ్యాయములు. ఆదివారములలో ఐదేసియు, తక్కిన దినములలో మూఁడేసియుఁ జదివినచో, 52 ఆదివారములకు 260, మిగిలిన 313 దినములకు 939, మొత్తము 1,199 అగును. అనఁగా సంవత్సరము ముగియకమునుపే గ్రంథము ముగియును. లెక్క చక్కనిదే. అయినను కీర్తనల గ్రంథమును తెఱచి చూడుఁడు. 117వ కీర్తనకు రెండే వచనములు. 119వ కీర్తనకు 176 వచనములు. ఒకదానిని పాఠశాలకు బయలుదేఱుచుఁ జదువవచ్చును. రెండవదానికిఁ దీరిక కావలయును. ఇట్లు అధ్యాయముల లెక్క సంవత్సరము మొత్తమునకు నిలుచును గాని యే యొక్క దినమునకును నిలువదు.

మాట

అట్లయినచో మాటలను లెక్కించుట మేలని తోఁచును. ఆంగ్లమున నిదియే వాడుక. తంతివార్తలకు మాటల లెక్కనే రుసుము కట్టించుకొనెడివారు. మన దేశమున ఆ తంతివార్తలు 2013 జూలైలో నిలిచిపోయినవి. పత్రికలవారును, వ్యాసపోటీలు పెట్టువారును నేఁటికిని "ఇన్ని మాటలకు మించరాదు" అని షరతు విధింతురు. నేను నా విద్యార్థులను బరీక్షించినదియు నీ కొలతతోనే.

కాని తెలుఁగునకు ఈ కొలత పొసఁగదు. ఈ వాక్యమును చూడుఁడు: "వానలో తడిసినవానికి గొడుగు ఇచ్చిరి." ఇందు నాలుగు మాటలున్నవి. కడపటి రెంటికిని సంధి చేసి "గొడుగిచ్చిరి" అని వ్రాసినచో మూఁడే మాటలు. అర్థము మాఱలేదు. పలుకుటకుఁ బట్టు కాలమును ఇంచుమించు మాఱలేదు. మాటల లెక్క మాత్రము నాలుగింట నొకపాలు తగ్గిపోయెను. ఇదే సంగతిని ఆంగ్లమున వ్రాసి చూచితిని. 14 మాటలు వచ్చెను. అంతమాత్రముచేత ఆంగ్లవాక్యము తెలుఁగువాక్యము కంటె మూఁడు నాలుగు రెట్లు పెద్దదందుమా? నోటితోఁ బలుకునపుడు వినఁబడు నక్షరములను రెండింటను లెక్కించితిని. సంధి చేయని తెలుఁగువాక్యమున 16, ఆంగ్లవాక్యమునను 16!

కారణము స్పష్టము. ఆంగ్లము విభక్తులను, సంబంధార్థకములను వేఱువేఱు మాటలుగాఁ బలుకును. తెలుఁగు వానిని మాటకే యంటించును. "తడిసినవానికి" అను నొక్క మాటలో ఆంగ్లమున ఏడు మాటలు చేయు పని యిమిడియున్నది. అందుచేత మన మాటలు తక్కువ, వాని పొడు గెక్కువ. 17 భాషల పాఠకులను పరీక్షించి 2012లోఁ బ్రకటించిన యొక పరిశోధనలో, ఒకే అర్థము గల పాఠములను పైకిఁ జదివించినపుడు, ఆంగ్లేయులు నిమిషమునకు సగటున 228 మాటలును, ఫిన్లాండువారు తమ భాషలో 161 మాటలును చదివినట్లు తేలెను. ఫిన్లాండువారు మందమతులని దీని యర్థము గాదు. వారి భాషయు తెలుఁగువలెనే ప్రత్యయములను మాటకు జోడించు భాష. ఆ 17 భాషలలో భారతీయభాష యొక్కటియు లేకపోవుట మనము గమనింపవలసిన సంగతి.

అక్షరము

మన పూర్వులు ఈ చిక్కును ఏనాఁడో విప్పిరి. వారు మాటలను గాక యక్షరములను లెక్కించిరి. ముప్పదిరెండక్షరములకు ఒక "గ్రంథము" అని పేరు. అనుష్టుప్ శ్లోకమునకుఁ బాదమున కెనిమిది చొప్పున నాలుగు పాదములకును 32 అక్షరములు గనుక ఆ కొలత యేర్పడినది. శ్లోకములు లేని వచనరచనను సైతము దీనితోనే కొలిచెడివారు. తాటియాకుల మీఁద గంటముతో వ్రాయు లేఖకుఁడు, ఒక పంక్తిలోని యక్షరములను పుటకుఁ గల పంక్తులచేతను, ఆ వచ్చినదానిని మొత్తము పుటలచేతను హెచ్చవేసి, 32 చేత భాగించినచో గ్రంథసంఖ్య వచ్చును. ఆ సంఖ్యను బట్టియే కూలి. ఆకు పొడుగైనను పొట్టియైనను, అక్షరములు దట్టముగా నున్నను పలుచగా నున్నను, కూలిలో మోసమునకుఁ జోటు లేదు. ప్రతి వ్రాయువాఁడు నడుమఁ గొంత భాగమును విడిచినయెడల గ్రంథసంఖ్య చూచినవెంటనే ఆ లోపము పట్టువడును.

బౌద్ధుల ప్రజ్ఞాపారమితా గ్రంథములలో నొకదానికి అష్టసాహస్రిక యని పేరు. అది వచనముగా వ్రాయఁబడినదే. అయినను ఎనిమిదివేల గ్రంథముల పరిమాణము గలది గనుక ఆ పేరు వచ్చెను. పంచవింశతిసాహస్రిక, శతసాహస్రిక యను పేళ్లును ఇట్టివే. కొలతయే పుస్తకమునకుఁ బేరయ్యెను. ఆ మతము మన సీమకు దూరపుది గాదు. ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లిలో బౌద్ధస్తూపము నేఁటికిని చూడవచ్చును.

పడమటి దేశములందును ఇట్టి కొలతయే యుండెను. గ్రీకులు 15 లేక 16 అక్షరముల పంక్తిని కొలతగాఁ గొనిరి. అది మన గ్రంథములో ఇంచుమించు సగము. క్రీ.శ. 301లో రోమను చక్రవర్తి డయోక్లీషియను వస్తువుల ధరలను, పనివారి కూలిని నిర్ణయించుచు శాసనము చేసెను. అందు లేఖకునకు మేలైన వ్రాఁతకు నూఱు పంక్తులకు 25 దీనారములనియు, రెండవ తరగతి వ్రాఁతకు 20 దీనారములనియుఁ జెప్పఁబడినది. కూలి న్యాయముగా నుండవలెనన్నచో మొదట కొలత న్యాయముగా నుండవలెనని వారును, మనవారును గ్రహించిరి.

అక్షరమే గడియారము

ఇంతవఱకు పొడవు సంగతి. ఇఁకఁ గాలము సంగతి. గడియారములు లేని కాలమున మనవారు కాలమును సైతము అక్షరములతోనే కొలిచిరి. క్రీ.శ. 499 నాఁటికి ఇరువదిమూఁడేండ్లవాఁడైన ఆర్యభటుఁడు తన జ్యోతిషగ్రంథములో, 60 గుర్వక్షరములను పలుకునంత కాలము ఒక విగడియ యనియు, 60 విగడియలు ఒక గడియ యనియు, 60 గడియలు ఒక దినమనియుఁ జెప్పెను. దినమునకు 24 గంటలు గనుక గడియకు 24 నిమిషములు, విగడియకు 24 సెకండ్లు. అనఁగా ఒక గురువును పలుకుటకు సెకండులో పదింట నాలుగు పాళ్లు. లఘువు గురువులో సగము. దానికి పదింట రెండు పాళ్లు. ఛందస్సులో లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలని మీరు చదివియున్నారు. కావున సెకండునకు ఐదు మాత్రలు. ఈ యొక్క సంఖ్యను జ్ఞాపకముంచుకొనుఁడు.

దీనితో రామాయణమును కొలిచి చూతము. వాల్మీకి రామాయణము 24,000 శ్లోకములని ప్రసిద్ధి. శ్లోకమునకు 32 అక్షరముల చొప్పున 7,68,000 అక్షరములు. ఒక శ్లోకమున 18 గురువులును 14 లఘువులును ఉన్నవనుకొందము. గురువులకు 36, లఘువులకు 14, మొత్తము 50 మాత్రలు. అనఁగా 10 సెకండ్లు. 24,000 శ్లోకములకు 2,40,000 సెకండ్లు. అది 66 గంటల 40 నిమిషములు. రామాయణమును తొమ్మిది దినములలోఁ బారాయణము చేయుట వాడుకలో నున్నది. దానిని నవాహ మందురు. మన లెక్కను తొమ్మిదింటఁ బంచినచో దినమునకు 7 గంటల 24 నిమిషములు వచ్చును. ఉదయమున నారంభించి, నడుమ భోజనమునకు లేచి, సాయంకాలమునకు ముగించుటకు ఇది తగిన కాలము. సర్గాంతములందుఁ బెద్ద వృత్తములున్నవి గనుక ఇది సుమారు లెక్క యని మఱువరాదు. అయినను నియమమును ఏర్పఱచినవారు మనుష్యుని నోటి శక్తి నెఱిఁగియే యేర్పఱచిరని దీనివలనఁ దెలియుచున్నది.

ఇఁక మన సీమ కవిని చూతము. నేలకొండపల్లిలోఁ బుట్టి, పదునేడవ శతాబ్దమున గోలకొండ ప్రభువుల క్రింద పాల్వంచ పరగణాకుఁ దహసీలుదారై, భద్రాచలమునఁ గోవెల కట్టించి, రామదాసని పేరొందిన కంచెర్ల గోపన్న దాశరథీశతకమును చెప్పెను. అందలి పద్యములు ఉత్పలమాలలును చంపకమాలలును. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, చంపకమాల పాదమునకు 21. అక్షరములను మాత్రమే యెంచినచో చంపకమాల పెద్దది. కాని గురులఘువులను విడఁదీసి చూడుఁడు. ఉత్పలమాలలో 8 గురువులు, 12 లఘువులు, మాత్రలు 28. చంపకమాలలో 7 గురువులు, 14 లఘువులు, మాత్రలు 28. రెండును సమానములే! ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడఁదీసినచో చంపకమాల యగుటయే యిందులకుఁ గారణము. ఒకే శతకములో రెండును కలిసి నడచినను చదువరి నడక యేల తడఁబడదో యిప్పుడు తెలిసినది గదా.

పాదమునకు 28 చొప్పునఁ బద్యమునకు 112 మాత్రలు. అనఁగా 22 సెకండ్లకుఁ గొంచెము పైఁగా. నూఱు పద్యములకు 2,240 సెకండ్లు, అనఁగా 37 నిమిషముల 20 సెకండ్లు. పద్యమునకును పద్యమునకును నడుమ ఊపిరి తీయుటకు ఐదేసి సెకండ్లు విడిచినచో ఇంకొక 500 సెకండ్లు చేరి, సుమారు 46 నిమిషములగును. ఇంచుమించు మన పాఠశాలలో ఒక పీరియడు. శతకమును పెద్ద గ్రంథమని యెంచి భయపడు విద్యార్థులు ఈ లెక్కను చూచి ధైర్యము తెచ్చుకొందురు గాక.

నేఁటి కొలతలు

నేఁడు కంప్యూటరు మన కొఱకు లెక్కించును. మీట నొక్కినయెడల మాటలెన్నో, అక్షరములెన్నో, చదువుటకు ఎన్ని నిమిషములు పట్టునో చెప్పును. కాని అది యేమి లెక్కించుచున్నదో విచారింపవలయును. కంప్యూటరులలోఁ దెలుఁగు వ్రాయుటకు వాడు యూనికోడు పద్ధతిలో "స్త్రీ" యను నొక్క యక్షరము ఆఱు సంకేతములుగా నుండును: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము. కంటికిని నోటికిని ఒక్కటియైనది యంత్రమునకు ఆఱు. సెల్‌ఫోనులోని పొట్టిసందేశమునకు ఆంగ్లలిపిలో 160 సంకేతముల వఱకుఁ జోటుండఁగా, తెలుఁగులిపిలో 70 మాత్రమే. ఆ డెబ్బదింటను "స్త్రీ" యొక్కటియే ఆఱు తినివేయును. మాటలను లెక్కించినచో మన వ్రాఁత ఉన్నదాని కంటెఁ బొట్టిదిగాఁ గనఁబడును. సంకేతములను లెక్కించినచో ఉన్నదాని కంటెఁ బొడుగుగాఁ గనఁబడును. ఆంగ్లమునకుఁ గుట్టిన చొక్కా తెలుఁగునకుఁ దొడిగినచో ఒకచోట బిగువు, ఒకచోట వదులు.

చదువు కాలమును చెప్పు యంత్రములును ఆంగ్లపాఠకుల వేగమునే ప్రమాణముగాఁ గొనుట కలదు. 2019లోఁ బ్రకటింపఁబడిన యొక పరిశీలన ననుసరించి, పెరిగినవారు ఆంగ్లమున విషయగ్రంథములను మనసులోఁ జదువుకొనునపుడు నిమిషమునకు సగటున 238 మాటలు, కథలను 260 మాటలు, పైకిఁ జదువునపుడు 183 మాటలు చదువుదురు. ఈ సంఖ్యలు ఆంగ్లమునకు సరియైనవే. వానిని దెచ్చి తెలుఁగు వ్యాసమునకుఁ బెట్టినచో, పది నిమిషములు పట్టు వ్యాసమును ఐదు నిమిషములలో ముగియునని చెప్పి చదువరిని మోసపుచ్చును.

ఈ విషయము బడిపిల్లలకు మఱింత ముఖ్యమైనది. 2021లో భారత ప్రభుత్వము నెలకొల్పిన నిపుణ్ భారత్ పథకములో, మూఁడవ తరగతి ముగియునాఁటికి బాలబాలికలు అర్థము తెలిసికొనుచు నిమిషమునకుఁ గనీసము 60 మాటలు చదువఁగలుగవలెనని గుఱి పెట్టిరి. గుఱి యుండుట మంచిదే. కాని అఱువది తెలుఁగుమాటలును అఱువది ఆంగ్లపుమాటలును సమానములు గావు. దీనిని విద్యావేత్తలును గుర్తించిరి. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు మూఁడవ తరగతి పిల్లలను 20 భాషలలోఁ బరీక్షించి, ఒక్కొక్క భాషకు వేఱువేఱుగాఁ బ్రమాణములను నిర్ణయించిరి. ఇది మెచ్చుకొనఁదగిన పని.

మీ వ్రాఁతను మీరే కొలుచు విధము

ఇప్పుడు విద్యార్థులు స్వయముగాఁ జేయవలసిన పద్ధతిని చెప్పెదను. గడియారము, పెన్సిలు, కాగితము చాలును.

మొదట పొడవు. కొలువవలసిన పుటలోఁ బది పంక్తులను ఏఱి, ఒక్కొక్క పంక్తిలోని యక్షరములను లెక్కింపుఁడు. ఒత్తులు, గుణింతములు, సున్న, విసర్గ యున్నను అక్షరము ఒక్కటిగానే యెంచవలయును. మొత్తమును పదింట భాగించినచో పంక్తికి సగటు వచ్చును. దానిని పుటలోని పంక్తులచేతను, ఆ వచ్చినదానిని పుటలచేతను హెచ్చవేయుఁడు. ఉదాహరణమునకు, పంక్తికి 22 అక్షరములు, పుటకు 28 పంక్తులు ఉన్నచో పుటకు 616 అక్షరములు. పది పుటలకు 6,160. దానిని 32 చేత భాగించినచో 192 గ్రంథములకుఁ గొంచెము పైఁగా.

పిమ్మట వేగము. అంతకుమునుపు చదువని పుటను దీసికొని, ఒక నిమిషము పైకిఁ జదివి, ఆగినచోట గీఁత పెట్టుఁడు. చదివిన యక్షరములను లెక్కింపుఁడు. వేఱువేఱు పుటలతో మూఁడు మాఱు లిట్లు చేసి సగటు దీయుఁడు. మీ వేగము నిమిషమునకు 220 అక్షరములనుకొందము. అప్పుడు పై పది పుటలకు 28 నిమిషములు పట్టును. మనసులోఁ జదువు వేగమును ఇట్లే వేఱుగాఁ గొలుచుకొనుఁడు. అది తఱచుగా నెక్కువ యుండును.

దీని ప్రయోజనమును ఒక్క యుదాహరణముతోఁ జూపెదను. వార్షికోత్సవమున మీకు ఐదు నిమిషముల యుపన్యాస మిచ్చిరి. 220ని ఐదింట హెచ్చవేసినచో 1,100 అక్షరములు. పై కొలత గల పుటలు రెండింటికిఁ గొంచెము తక్కువ. నాలుగు పుటలు వ్రాసికొని వేదిక యెక్కినవాఁడు పది నిమిషములకుఁ బైఁగా మాటలాడును. లేదా కడపటి భాగమును ఎవరికిని అర్థము గాకుండఁ బరుగెత్తించును. సభలో మూఁడువందలమంది కూర్చుండియున్నచో, ఒక్కొక్కరి వద్ద ఐదేసి నిమిషములు పుచ్చుకొన్నవాఁడు మొత్తము 1,500 నిమిషములు, అనఁగా 25 గంటల కాలమును అడుగకయే తీసికొన్నవాఁడగును. ఆ సభలోఁ గూలి మానుకొని వచ్చిన తలిదండ్రులును ఉందురు. వ్రాయువానికి కొలత తెలిసియుండుట ఇతరుల కాలము నెడల మర్యాద.

కొలతకు లోఁబడనిది

ఇంత చెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక చేయవలయును. అక్షరముల లెక్క నోటి పనిని కొలుచును; బుద్ధి పనిని కొలువదు. గణితములోని యొక సిద్ధాంతము రెండు గ్రంథముల పొడవు మాత్రమే యుండవచ్చును. దానిని గ్రహించుటకు ఒక సాయంకాలము పట్టవచ్చును. తెలియని మాట యెదురైనచోఁ జదువరి నిలుచును, నిలుచుటయే మంచిది. ఇంటిభాష వేఱై, బడిలోఁ దెలుఁగు నేర్చిన బాలునకు ఆ నిలుకడలు కొన్ని యెక్కువ యుండును. కావున లెక్క వేసి వచ్చిన కాలమును ఇంతకంటెఁ దక్కువ పట్టదని చెప్పు హద్దుగాఁ జూడవలెను గాని, పిల్లవాని వెనుకఁ బట్టుకొను బెత్తముగాఁ జూడరాదు.

మొదటఁ జెప్పిన బాలుని కథ ముగింపవలసియున్నది. ఈ లెక్కలు నేర్చిన పిమ్మట నేను పాత కాగితములను దీసి, ఆ బాలుఁడు చదివిన పుటలను మఱల లెక్కించితిని. తెలుఁగుపుటలో మాటకు సగటున నాలుగక్షరములు. 50 మాటలకు 200. ఆంగ్లపుటలో మాటకు సగటున ఒకటిన్నర. 75 మాటలకు సుమారు 113. నేను మందగమనమని నిందించిన చదువే రెండింటిలో వేగవంతమైనది! అప్పటికి ఆ బాలుఁడు తొమ్మిదవ తరగతిలో నుండెను. ఆ తరగతికిఁ బోయి, నల్లబల్ల మీఁద రెండు లెక్కలను వేసి, "తప్పు నాది" అని యందఱి యెదుటఁ జెప్పితిని. అతఁడు లేచి నిలువఁబడి కొంతసేపు బల్లను చూచి, "సార్, మీరు కట్టలు లెక్కపెట్టినారు గాని, కట్టకు ఎన్ని ఆకులో చూడలేదు" అనెను. తరగతి నవ్వెను, నేనును నవ్వితిని. వేసవిలోఁ దలిదండ్రులతోఁ గూడ తునికాకు కోసి కల్లమునఁ గట్టలప్పగించిన బిడ్డ యాతఁడు. కట్టలో ఆకులెక్కువైనచో నష్టమెవరిదో అతనికి నాకంటె బాగుగాఁ దెలియును.

విద్యార్థులారా! మీకు సెలవులలోఁ జేయుటకు మూఁడు పనులు. ఒకటి, మత్తేభమునకు 20, శార్దూలమునకు 19 అక్షరములు. వాని గురులఘువులను విడఁదీసి మాత్రలు సమానములో కావో చెప్పుఁడు. రెండు, మీ వేగమును సెలవుల మొదటను తుదిని కొలిచి, ఎంత పెరిగినదో వ్రాసికొనుఁడు, ఇతరులతోఁ బోల్చుకొనకుఁడు. మూఁడు, ఈ పాఠము ఎన్ని గ్రంథములో లెక్కించి, చదువుటకు మీకెంత కాలము పట్టినదో నాకుఁ దెలుపుఁడు. మీ కాలమును నేను వృథా చేసినట్లు తేలినచో, వచ్చు సంవత్సరపు సంచికలో దీనికంటెఁ బొట్టిగా వ్రాసెదను.